అచ్చుగుద్దిన యంత్రం, అచ్చులో దిగని హక్కు

ఒక కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో ఉన్నదంతా బిట్టు పొల్లుపోకుండా ఇంకో కంప్యూటర్‌లోకి దించడాన్ని క్లోనింగ్ అంటారు. కార్యాలయాల్లో ఇది మామూలు పనే. ఇరవై కొత్త కంప్యూటర్లు వస్తే ఒక్కోదానికీ విడిగా విండోస్ వేసి, ప్రింటర్ డ్రైవర్లు, తెలుగు కీబోర్డు, ఆఫీస్, యాంటీవైరస్ ఎక్కించుకుంటూ పోతే వారం పడుతుంది. అందుకని ఒకదాన్ని శ్రద్ధగా తయారుచేసి, దాని ఇమేజ్ తీసి, మిగతా పంతొమ్మిదింటిలోకి దించుతారు. సాయంత్రానికి పని తెమిలిపోతుంది. కొన్నాళ్లకు ఆ పంతొమ్మిదింటిలో కొన్నిటి తెర మీద, కుడివైపు అడుగున, బూడిదరంగు అక్షరాలు తేలతాయి: విండోస్‌ను యాక్టివేట్ చెయ్యండి. మొదటి కంప్యూటర్ తెర మీద ఆ అక్షరాలు లేవు. దాంట్లో ఉన్న సరుకే వీటిలోనూ ఉంది. సరుకంతా ఒకటే అయినప్పుడు మొదటిదానికి ఉన్న హక్కు తక్కినవాటికి ఎందుకు రాలేదు?

పైకి ఇది మెకానిక్‌ను అడగాల్సిన ప్రశ్నలా ఉంటుంది. దీని వేళ్లు మాత్రం తత్వశాస్త్రంలో ఉన్నాయి. ఇందులో రెండు ప్రశ్నలు పెనవేసుకున్నాయి. అసలూ నకలూ ఒకటేనా, కాకపోతే వాటిని వేరుచేసేది ఏది అన్నది మొదటిది. ఒక వస్తువును వాడుకునే హక్కు ఎక్కడ ఉంటుంది, వస్తువులోనా, దాన్ని మోసే యంత్రంలోనా, మనుషుల మధ్యనా అన్నది రెండోది. భారతీయ దార్శనికులు ఈ రెంటినీ వేర్వేరుగా పట్టుకుని శతాబ్దాల తరబడి వాదించారు. యాక్టివేషన్ అనే ఏర్పాటు మాత్రం మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి, రెండోదానికి కూడా అదే జవాబు అనుకుంటుంది. చిక్కంతా అక్కడే వస్తుంది.

కృష్ణా డెల్టాలో అచ్చు అనగానే గుర్తొచ్చే ఊరు పెడన. బందరు పక్కనే ఉన్న ఆ ఊళ్లో కలంకారీ అద్దకానికి టేకు చెక్కతో చెక్కిన అచ్చులు వాడతారు. పనివాడు అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ముందు పువ్వు అంచుకు సరిగ్గా ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. అచ్చుగుద్దినట్టు ఉండటం అనే పలుకుబడికి అర్థం ఏమిటో అక్కడ కళ్లారా చూడవచ్చు. దగ్గరికెళ్లి చూస్తే మరో సంగతి కూడా కనిపిస్తుంది. ఒకే అచ్చు దించిన రెండు పువ్వులు నూటికి నూరుపాళ్లు ఒకటి కావు. ఒకదానిలో రంగు చిక్కగా దిగుతుంది, ఒకదాని రేక అంచు కాస్త తెగుతుంది. గుద్దు బలం, రంగు తడి, గుడ్డ ముడత, వీటిలో ప్రతిదీ తన ఆనవాలు వదులుతుంది. డిజిటల్ ఇమేజ్‌లో ఆ ఆనవాలు ఉండదు. వెయ్యో ప్రతికీ మొదటి ప్రతికీ రవ్వంత తేడా లేదు. లోపల తేడా లేనప్పుడు దాన్ని బయట వెతకాలి. యాక్టివేషన్ చేసే పని అదే.

2001లో విండోస్ ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది. ప్రాసెసర్, హార్డ్ డిస్క్, నెట్‌వర్క్ కార్డు వంటి భాగాల వివరాలు సేకరించి, వాటి నుంచి ఆ యంత్రానికి ఒక గుర్తు తయారుచేస్తుంది. ప్రొడక్ట్ కీని ఆ గుర్తుతో ముడివేసి కంపెనీ సర్వర్‌లో నమోదు చేస్తుంది. ఇమేజ్‌తో పాటు కీ కూడా పక్క యంత్రంలోకి వెళ్తుంది గానీ, అక్కడి గుర్తు వేరు. ముడి సరిపడదు. బూడిద అక్షరాలు తేలేది అందుకే.

ఏ భేదమూ కనిపించని రెండు వస్తువులను వేరుచేసేది ఏది? ఈ ప్రశ్నను ఒక దర్శనం తన పేరులోనే పెట్టుకుంది. కణాదుడి వైశేషికానికి ఆ పేరు విశేషం అనే పదార్థం వల్ల వచ్చిందని సంప్రదాయం చెబుతుంది. రెండు కుండలను రంగు చూసి, ఆకారం చూసి, పెంకులు చూసి వేరుచేయవచ్చు. ఆ పెంకులను వాటి రేణువులను బట్టి వేరుచేయవచ్చు. అలా తవ్వుకుంటూ పోతే పరమాణువు దగ్గర ఆగిపోతాం. రెండు పార్థివ పరమాణువుల్లో గుణం ఒకటే, జాతి ఒకటే. అయినా అవి రెండు. వాటిని రెండుగా నిలిపేది విశేషం. ముక్తిపొందిన ఆత్మల విషయంలోనూ ఇదే సమస్య వస్తుంది. సుఖదుఃఖాలు, సంస్కారాలు అన్నీ రాలిపోయాక ఒక ఆత్మకూ ఇంకో ఆత్మకూ తేడా ఏముంటుంది? ఆ తేడాను యోగులు గ్రహించగలరనీ, అలా గ్రహించేది విశేషాన్నేననీ వైశేషిక భాష్యకారుడు ప్రశస్తపాదుడు రాశాడు. తర్కం నేర్చుకునే ప్రతి విద్యార్థి చేతిలోనూ ఈనాటికీ ఉండే తర్కసంగ్రహంలో ఈ విశేషం ఏడు పదార్థాల్లో ఒకటి. ఆ చిన్న పుస్తకం రాసిన అన్నంభట్టు తెలుగువాడు.

విశేషానికి ఒక ప్రత్యేకత ఉంది. అది ఇతర వస్తువులను వేరుచేస్తుంది, తనను తాను కూడా వేరుచేసుకుంటుంది. దాన్ని గుర్తుపట్టడానికి ఇంకో గుర్తు అక్కర్లేదు. యాక్టివేషన్ వెతికేది ఇలాంటిదాన్నే, నకలులోకి దిగనిదాన్ని, ఆ ఒక్క యంత్రానికే చెందినదాన్ని. ఆ ప్రయత్నం ఎంతవరకు ఫలించింది అన్నది చూడాల్సిన విషయం.

పెద్ద సంస్థల కోసం ఉన్న కేఎంఎస్ పద్ధతిలో జరిగే ఒక వింత ఈ సందర్భంలో చాలా విలువైనది. ఈ పద్ధతిలో ప్రతి కంప్యూటరూ మైక్రోసాఫ్ట్ దాకా పోనక్కర్లేదు. కార్యాలయంలోనే ఒక సర్వర్ ఉంటుంది, మిగతావి దాన్ని అడిగి హక్కు తెచ్చుకుంటాయి. అలా తెచ్చుకున్న హక్కు 180 రోజులు నిలుస్తుంది, ఏడేసి రోజులకు ఒకసారి కంప్యూటర్ దాన్ని పొడిగించుకునే ప్రయత్నం చేస్తుంది. అయితే కనీసం 25 కంప్యూటర్లు వచ్చి అడిగేవరకు ఆ సర్వర్ ఏ ఒక్క కంప్యూటర్‌కూ హక్కు ఇవ్వదు. విండోస్ సర్వర్ సంస్కరణలకు, ఆఫీస్‌కు ఆ లెక్క 5. లెక్కపెట్టేది యంత్రాలను చూసి కాదు, ప్రతి విండోస్ లోపల ఉండే క్లయింట్ ఐడీని చూసి. ముందుజాగ్రత్త లేకుండా ఇమేజ్ దించితే ఆ ఐడీ కూడా నకలవుతుంది. అప్పుడు ముప్పై కంప్యూటర్లు ఒకదాని తరువాత ఒకటి వచ్చి అడిగినా సర్వర్ లెక్క ఒకటి దగ్గరే నిలిచిపోతుంది. బల్లల మీద ముప్పై యంత్రాలు, వాటి ముందు ముప్పై మంది ఉద్యోగులు. సర్వర్‌కు మాత్రం వచ్చిన యంత్రమే మళ్లీ మళ్లీ వస్తోంది.

దీనికి విరుగుడు సిస్‌ప్రెప్ అనే పనిముట్టు. ఇమేజ్ తీసే ముందు మూలయంత్రంలో దాన్ని నడిపి, జనరలైజ్ అనే ఎంపిక ఇస్తే, ఆ యంత్రం తన సొంత గుర్తులన్నీ తుడిచేసుకుంటుంది. పేరు పోతుంది, ఐడీలు పోతాయి. అలా తీసిన ఇమేజ్ ఏ యంత్రంలో మేల్కొంటే ఆ యంత్రానికి తగిన కొత్త గుర్తులు అక్కడికక్కడ పుట్టించుకుంటుంది. వైశేషికుల మాటల్లో చెప్పాలంటే విశేషాన్ని తీసేసి సామాన్యాన్ని, అంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉండేదాన్ని, మాత్రమే ప్రతిచేస్తారు. నకలు తీయడానికి యోగ్యం కావాలంటే అసలు ముందుగా తన అసలుతనాన్ని వదులుకోవాలి. ఇంత లోతైన సంగతి ఒక టిక్కు పెట్టె వెనక దాగి ఉందని ఇమేజ్ దించేవారికి తెలియాల్సిన అవసరం లేదు గానీ, తెలిస్తే పనిలో పొరపాటు జరగదు.

యంత్రాలకు ఉండే ఎస్ఐడీ అనే మరో గుర్తు చరిత్ర కూడా ఇక్కడ చెప్పుకోవాలి. క్లోన్ చేసిన కంప్యూటర్లలో ఎస్ఐడీ ఒకటే ఉంటే ప్రమాదమని చాలాకాలం అందరూ నమ్మారు. దాన్ని మార్చడానికి న్యూఎస్ఐడీ అనే ఉపకరణం తయారుచేసిన మార్క్ రుసినోవిచ్ స్వయంగా 2009లో ఆ భయం అపోహేనని రాసి, ఆ ఉపకరణాన్ని ఉపసంహరించాడు. 2025లో కథ మళ్లీ తిరిగింది. ఆ ఏడాది ఆగస్టు చివరినుంచి వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ల తరువాత, ఒకే ఎస్ఐడీ ఉన్న యంత్రాలు నెట్‌వర్క్‌లో ఒకదానికొకటి తలుపు తీయడం మానేశాయి. ఎవరి గదిలో వారు ఉన్నంతకాలం ఇద్దరికి ఒకే పేరున్నా ఇబ్బంది లేదు. ఒకరింటికి ఒకరు వెళ్లినప్పుడు ఎవరు వచ్చారో తెలియాలి. భేదం అనేది ఒంటరి వస్తువుకు అక్కర్లేదు, సంబంధం ఏర్పడినచోటే దాని అవసరం పడుతుంది.

ఇప్పుడు అవతలి వైపు చూడాలి. యంత్రం గుర్తు నిజంగా విశేషమే అయితే అది నిత్యంగా ఉండాలి. వైశేషికులు విశేషాన్ని నిత్య ద్రవ్యాల్లో మాత్రమే ఒప్పుకున్నారు, కుండల్లో కాదు. కంప్యూటర్ కుండ లాంటిది. డెల్టా ఊళ్లలో తుఫాను రోజుల్లో కరెంటు పోయి వచ్చినప్పుడు మదర్‌బోర్డు కాలిపోవడం అరుదైన విషయం కాదు. బోర్డు మార్చి, డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడతారు. కేబినెట్ అదే, దాని మీద తెల్ల పెయింటుతో రాసిన స్టాకు రిజిస్టరు నంబరు అదే, దాని ముందు కూర్చునే ఉద్యోగి అతడే. గుమస్తాకు అది పాత కంప్యూటరే. యాక్టివేషన్ సర్వర్‌కు మాత్రం అది మునుపెన్నడూ చూడని కొత్త యంత్రం.

భాగాలన్నీ మారుతూ పోయేదాన్ని ఒకటే అనడం ఎలా అన్న ప్రశ్నకు కృష్ణా డెల్టాలోనే, మొవ్వ అనే ఊరికి దగ్గర్లో, ఒక సాక్షి ఉంది. ఘంటసాలలోని బౌద్ధ స్తూపం, గ్రీకు భూగోళకారుడు టాలమీ కంటకసీల పేరుతో ఈ ఊరిని పేర్కొన్న కాలాన్ని గుర్తుచేస్తుంది. ఆ స్తూపం దగ్గర బోధించిన మతం, స్థిరంగా నిలిచే వస్తువంటూ లేదంది. తొలిజాము దీపపు మంట, నడిజాము మంట, తెల్లవారుజాము మంట ఒకటి కావు, వేరూ కావు. ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి పుట్టే ధార మాత్రమే ఉంది. ఈ చూపుతో చూస్తే బోర్డు మారిన కంప్యూటర్ పాతదాని ధారలోదే. అద్వైతులు ఇదే సంగతిని దేవదత్తుడి ఉదాహరణతో మరోలా చెబుతారు. ఎప్పుడో కాశీలో చూసిన దేవదత్తుడిని ఇప్పుడు ఇక్కడ చూసి, అతడే ఇతడు అంటాం. ఆ కాలం, ఆ చోటు వదిలేస్తాం, ఈ కాలం, ఈ చోటు కూడా వదిలేస్తాం, మిగిలిన మనిషిని పట్టుకుంటాం. ఏది వదలాలి, ఏది పట్టుకోవాలి అనే వివేకం గుర్తుపట్టేవాడిలో ఉండాలి. సర్వర్‌కు ఆ వివేకం కొన్ని అంకెల మేరకే ఉంది. ఎన్ని భాగాలు మారేదాకా అదే యంత్రమనుకోవాలో ఎవరో ఒకరు ముందే ఒక హద్దు గీసి పెట్టారు, అంతే.

మరి హక్కును ఇమేజ్ లోపలే ఎందుకు పెట్టకూడదు? కీ లోపలే ఉందిగా అనిపించవచ్చు. మొవ్వ ఊరే దీనికి సమాధానం చెబుతుంది. 17వ శతాబ్దపు వాగ్గేయకారుడు క్షేత్రయ్య తన ఊరి వేణుగోపాలస్వామి పేరును ప్రతి పదంలోనూ ముద్రగా పెట్టాడు. మువ్వగోపాల అన్న మాట వినపడగానే పదం ఎవరిదో తెలిసిపోతుంది. కానీ ముద్ర పదంలో భాగం కాబట్టి పదాన్ని ఎవరు పాడినా, ఎవరు తాటాకు మీద ఎక్కించినా ముద్ర కూడా వెంట వెళ్తుంది. ఇంకొకరు కొత్త పదం కట్టి అదే ముద్ర పెడితే అడ్డుకునే మార్గం లేదు. ఆ ముద్ర కనిపించే పదాలన్నీ ఆయనవేనా అని పండితులు నేటికీ తర్కించేది అందుకే. ముద్ర కర్తను చెబుతుంది, పాడేవారికి అనుమతి ఇవ్వదు. ఇమేజ్‌లో చిక్కుకున్న ప్రొడక్ట్ కీ కూడా అంతే. అది ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది, ఎక్కడికి పోవచ్చో చెప్పదు.

ఆలయ సంప్రదాయంలో యాక్టివేషన్‌కు దగ్గరి పోలిక ప్రాణప్రతిష్ఠ. ఒకే శిల్పి, ఒకే రాయి, ఒకే కొలతలతో రెండు విగ్రహాలు చెక్కవచ్చు. ఒకటి గర్భగుడిలో పూజలందుకుంటుంది, ఇంకొకటి శిల్పశాలలో సరుకుగా ఉంటుంది. రాతిలో తేడా లేదు. ప్రతిష్ఠ అనే క్రియ ఒకదానికి జరిగింది, ఒకదానికి జరగలేదు. భక్తుడి దృష్టిలో ఇది చిన్న తేడా కాదు, దేవుడికీ రాతికీ ఉన్నంత తేడా.

ఆలయాన్ని జీర్ణోద్ధరణ చేసేటప్పుడు జరిగే తంతు ఈ పోలికను మరింత దగ్గరికి తెస్తుంది. మూలవిరాట్టులోని శక్తిని కళాకర్షణ చేసి కలశంలోకి తెస్తారు, బాలాలయంలో ఉంచి నిత్యపూజలు సాగిస్తారు, పని పూర్తయ్యాక సంప్రోక్షణ చేసి మళ్లీ మూలవిరాట్టులోకి ఆవాహన చేస్తారు. శక్తి నకలు కాదు, బదిలీ అవుతుంది. అది కలశంలో ఉన్నప్పుడు రాతిలో లేనట్టే లెక్క. విడిగా కొన్న లైసెన్సును పాత కంప్యూటర్ నుంచి తీసి కొత్తదానికి పెట్టుకునే పద్ధతి సరిగ్గా ఇలాంటిది. పాతదానిలో తీసేయాలి, ఆ తరువాతే కొత్తదానిలో పెట్టాలి. కంప్యూటర్‌తో కలిపి అమ్మే ఓఈఎం లైసెన్సుకు మాత్రం కళాకర్షణ లేదు. విండోస్ 8 కాలం నుంచి దాని కీని తయారీదారే మదర్‌బోర్డులో పొదిగి పంపుతున్నాడు. ఆ యంత్రంతో పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది.

పోలిక ఇక్కడితో ఆగాలి. ప్రతిష్ఠకు ఆగమం తెలిసిన ఆచార్యుడు, ఊరి ప్రజలు, సంకల్పం కావాలి. అక్కడ మనుషులు ఒక సంబంధాన్ని ఏర్పరుస్తున్నారు. యాక్టివేషన్‌లో ఆ సంబంధం ఎప్పుడో, డబ్బు కట్టి ఒప్పందానికి సరే అన్నప్పుడే, ఏర్పడిపోయింది. తరువాత సర్వర్ చేసేది తనిఖీ మాత్రమే. తనిఖీని ప్రతిష్ఠ అనుకోవడం చాలా కార్యాలయాల్లో కనిపించే పొరపాటు.

ఈ పొరపాటును విడదీయడానికి స్వత్వం గురించిన చర్చ అవసరం. స్వత్వమంటే సొంతం అనే ధర్మం. పొలం గట్టు మీద నిలబడి చూస్తే మన్ను కనిపిస్తుంది, నీళ్లు కనిపిస్తాయి, వరి కనిపిస్తుంది. అది ఫలానావారిది అన్నది కనిపించదు. కనిపించనిది ఎక్కడ ఉంది, ఎలా తెలుస్తుంది? విజ్ఞానేశ్వరుడు తన ధర్మశాస్త్ర గ్రంథం మితాక్షరలో దాయవిభాగం, అంటే ఆస్తి పంపకం, మొదలుపెట్టేటప్పుడే ఈ ప్రశ్న ఎత్తుకున్నాడు. స్వత్వం శాస్త్రం చెబితేనే తెలిసేదా, లోకవ్యవహారంలోనే తెలిసిపోయేదా? లోకంలో తెలిసేదే అని ఆయన తీర్మానం. శాస్త్రం పేరు వినని జనం కూడా కొంటున్నారు, అమ్ముతున్నారు, నాది నీది అంటున్నారు గదా అని ఆయన వాదం. ఆ చర్చలో వచ్చే ఒక చిక్కు ఇక్కడికి బాగా పనికొస్తుంది. ఎవరి చేతిలో ఉంటే వారిదే అనేటట్టయితే, నా సొత్తు ఇతడు ఎత్తుకుపోయాడు అనే మాటకు అర్థమే ఉండదు. ఎత్తుకుపోయినవాడి చేతిలోనే ఉంది కాబట్టి అది అతడిదే కావాలి. కాదంటున్నాం అంటే, చేతిలో ఉండటం వేరు, సొంతం కావడం వేరు అని అందరూ ఒప్పుకున్నట్టే. తిక్కన కాలపు కవి కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో ఈ ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా తెలుగు ఇళ్లలో ఆస్తి పంపకాలకు మితాక్షరే ప్రధాన ఆధారం.

నవ్యన్యాయం అనే తర్కసంప్రదాయంలో ఈ కథకు అద్భుతమైన మలుపు ఉంది. 16వ శతాబ్దంలో నవద్వీపంలో ఉన్న రఘునాథ శిరోమణి వైశేషికుల పదార్థాల జాబితాను మళ్లీ తూకం వేశాడు. విశేషాన్ని కొట్టేశాడు. విశేషం తనను తాను వేరుచేసుకోగలిగితే, పరమాణువులే తమను తాము వేరుచేసుకోగలవు, మధ్యలో ఇంకోటి ఎందుకని అడిగాడు. అదే పుస్తకంలో స్వత్వాన్ని ఒక విడి పదార్థంగా చేర్చాడు. సొంతం అనేది ద్రవ్యంలోనూ ఇమడదు, గుణంలోనూ ఇమడదు, ఇంక దేనిలోకీ కుదించలేం, దాన్ని దానిగానే ఒప్పుకోవాలి అన్నాడు. ఒక వస్తువు ఏది అన్నదానికి అదనపు గుర్తు అక్కర్లేదు, అది ఎవరిది అన్నదానికి మాత్రం విడి చోటు కావాలి. యాక్టివేషన్ ఇందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో వెళ్లింది. స్వత్వానికి ఉండాల్సిన చోట విశేషాన్ని కూర్చోబెట్టింది. ఈ యంత్రం ఏది అని అడిగి, వచ్చిన జవాబును ఈ వాడకం ఎవరి హక్కు అన్నదానికి జవాబుగా తీసుకుంటోంది.

రెండు ఉదాహరణలు చాలు. ఒక కార్యాలయం ఇరవై ఓఈఎం కంప్యూటర్లు కొన్నది. ప్రతిదానికీ సొంత లైసెన్సు ఉంది, బోర్డులో కీ ఉంది. ఒకదాని ఇమేజ్ తీసి మిగతావాటిలో దించితే, అన్నీ యాక్టివేట్ కావచ్చు. తెర మీద ఏ ఫిర్యాదూ ఉండదు. కానీ ఓఈఎం ఒప్పందం అలా ఇమేజ్ దించుకునే హక్కు ఇవ్వదు. ఆ హక్కు, చాలా యంత్రాలకు కలిపి తీసుకునే వాల్యూమ్ లైసెన్సు ఒప్పందంతో వస్తుంది. యంత్రం అవునంటోంది, ఒప్పందం కాదంటోంది. రెండో కార్యాలయం వాల్యూమ్ లైసెన్సు కొని, బిల్లు ఫైలులో పెట్టుకుని, సిస్‌ప్రెప్ సంగతి తెలియక క్లోన్ చేసింది. కేఎంఎస్ లెక్క ఒకటి దగ్గర నిలిచిపోయి, అన్ని తెరల మీదా బూడిద అక్షరాలు తేలాయి. ఇక్కడ యంత్రం కాదంటోంది, ఒప్పందం అవునంటోంది. మొదటివారికి నిద్ర బాగా పడుతుంది, రెండోవారు తప్పు చేశామేమోనని కంగారుపడతారు. ధర్మం దృష్టిలో ఇది తారుమారు.

ఇంతకంటే కష్టమైన ప్రశ్న ఒకటి మిగిలింది. క్రాక్ చేసిన విండోస్ వేసుకుంటే ఎవరికి నష్టం? ఒకరి బస్తా వడ్లు ఎత్తుకుపోతే వారింట్లో ఒక బస్తా తగ్గుతుంది. ఇమేజ్ దించుకుంటే మూలంలో ఏమీ తగ్గదు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టే. చదువుకున్నవారు కూడా ఈ వాదానికి తేలిగ్గా లొంగుతారు. దీన్ని కొట్టిపారేయకూడదు, ఇందులో నిజం ఉంది. విద్య పంచితే తరగదని నమ్మే సమాజంలో ప్రతి నకలూ దొంగతనమే అనడం నోటికి రాదు. అయితే యోగసూత్రాల మీద వ్యాసభాష్యం దొంగతనాన్ని నిర్వచించిన తీరు గమనించాలి. అవతలివారికి ఏం తగ్గింది అని అక్కడ అడగలేదు. శాస్త్రం ఒప్పని పద్ధతిలో ఇతరుల నుంచి ద్రవ్యం తీసుకోవడమే స్తేయమంది. తీసుకున్న పద్ధతే అక్కడ ప్రమాణం. క్రాక్ వేసినప్పుడు దీపం వెలిగించుకోవడం ఒక్కటే జరగడం లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒప్పందానికి సరే అని నొక్కి, ఆ సరేను అబద్ధం చేయడం కూడా జరుగుతోంది. అస్తేయంతో పాటు సత్యం కూడా భంగపడుతోంది.

దేశచట్టం కూడా వస్తువును కాకుండా వాడకాన్నే పట్టుకుంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా ప్రోగ్రాము కలిగినవారు అది పోయినా చెడినా రక్షణగా ఉండేందుకు బ్యాకప్ ప్రతి తీసుకోవచ్చు. అంటే నకలు తీయడమే నేరం కాదు. 1994 సవరణతో వచ్చిన 63బి సెక్షన్ ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి వాడితే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 ఏళ్లు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. వ్యాపారానికో లాభానికో వాడకపోతే జైలు లేకుండా వదిలే వీలు కోర్టుకు ఉంది. ఇక్కడ తెలిసి అన్న మాటే కీలకం. ధర్మశాస్త్రమూ చట్టమూ మనసులో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. సర్వర్ తీసుకోలేదు.

నకలుకు అనుమతి ఎవరు ఇవ్వాలి అన్న ప్రశ్నను మొవ్వ మండలంలోనే ఉన్న కూచిపూడి మూడువందల ఏళ్లకు పైగా జీవితంలో పరీక్షించి చూసింది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం. 1763 నాటి పంపకపు పత్రంలో పదిహేను ఇంటిపేర్లు ఉన్నాయి. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల వాటిలోవే. సిద్ధేంద్రయోగి భామాకలాపం అనే నృత్యనాటకాన్ని ఆ ఇళ్ల మగపిల్లలకు అప్పగించాడు, జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టి తీరాలని మాట తీసుకున్నాడని చెబుతారు. ఆట చూసి నేర్చుకునే సామర్థ్యం ఊళ్లో చాలామందికి ఉండి ఉంటుంది. అడుగులు అవే, జతులు అవే. అయినా కట్టే అధికారం ఆ ఇళ్లదే.

20వ శతాబ్దంలో ఆ కట్టు సడలింది, సడలించినవారు ఆ ఇళ్లవారే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి మొదలైనవారు స్త్రీలకు నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి కులం, ఊరు, లింగం అడ్డుపెట్టకుండా శిష్యులను తయారుచేశారు. ఆట పలచబడలేదు. అయితే బయటివారు దొంగచాటుగా నేర్చి ఆడటం వల్ల ఇది జరగలేదు. హక్కు ఉన్నవారు ఇవ్వాలని నిర్ణయించుకుని ఇచ్చారు. వారు చాలాకాలం ఇవ్వకపోవడం న్యాయమా అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. సమాధానం, న్యాయం కాదు అనే చెప్పాలి. కానీ ఇవ్వడానికీ లాక్కోవడానికీ మధ్య తేడా ఆ సమాధానంతో చెరిగిపోదు.

సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చేవారి దారి ఇప్పటికే ఉంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. అక్కడినుంచి వచ్చిన జీపీఎల్ లైసెన్సు నకలు తీసుకో, మార్చుకో, పంచు, పుచ్చుకున్నవారికీ అదే హక్కు ఇవ్వు అంటుంది. హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ బృందం తెలుగు మెనూలతో గ్నూ లినక్స్‌ను తయారుచేసి పంచింది. ఇమేజ్ తీసి దించే పనికి వాడే క్లోనెజిల్లా కూడా ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేరే. లినక్స్ ఇమేజ్‌ను ఇరవై కంప్యూటర్లలో దించినా రెండువందల కంప్యూటర్లలో దించినా ఏ మూలా అక్షరాలు తేలవు. అక్కడ కూడా యంత్రాల పేర్లు, లోపలి ఐడీలు మార్చాలి, లేకపోతే నెట్‌వర్క్‌లో తడబడతాయి. విశేషం అవసరం అక్కడా ఉంది. స్వత్వం తనిఖీ మాత్రం లేదు. ఈ రెండూ వేర్వేరు సంగతులని ఇంతకంటే తేటగా చూపించే ఉదాహరణ దొరకదు. డబ్బు లేక క్రాక్ వేసుకుంటున్నాం అనే చిన్న కార్యాలయాలకు, బడులకు ఈ దారి తెరిచే ఉంది. డబ్బు లేకపోవడం నిజమే కావచ్చు, వేరే దారి లేకపోవడం నిజం కాదు.

విండోస్‌తోనే పని అనుకున్న కార్యాలయం చేయాల్సింది పెద్దగా లేదు. వాల్యూమ్ లైసెన్సు ఒప్పందం ఉందో లేదో చూసుకోవాలి. ఇమేజ్ తీసే ముందు సిస్‌ప్రెప్ నడపాలి. ఇమేజ్‌లో సొంత కీ వదలకూడదు. బోర్డు మారిన యంత్రం యాక్టివేట్ కాకపోతే దొడ్డిదారి వెతక్కుండా కంపెనీని సంప్రదించి సంగతి చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, స్టాకు రిజిస్టరులో ప్రతి యంత్రం నంబరు ఎదురుగా ఇంకో గడి గీసి, దానికి ఏ లైసెన్సు ఉంది, ఏ బిల్లుతో వచ్చింది, ఎప్పుడు ఒక యంత్రం నుంచి ఇంకోదానికి మారింది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. తెర మీద బూడిద అక్షరాలు ఉన్నా లేకపోయినా, ఆ కార్యాలయానికి హక్కు ఉందో లేదో తేల్చేది ఆ గడిలో ఉన్న రాతే.